బలం బిళ్ళ

ఏడుండాల్సిన చోట మూడే ఉన్నాయి.

రచన బిళ్ళల షీటు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసింది. వెలుతురు పెరిగింది గానీ బిళ్ళలు పెరగలేదు. బుధవారం పొద్దున ఈ నెలకి ఆఖరిదైన పది బిళ్ళల కొత్త షీటు విప్పి, మొదటిది తన చేత్తోనే పిల్లకు వేసింది. ఆ మధ్యాహ్నమే వేటపాలెంలో అమ్మకు కంటి ఆపరేషనని బయల్దేరి, నిన్న సాయంత్రం తిరిగొచ్చింది. గురువారం ఒకటి, శుక్రవారం ఒకటి. ఎన్నిసార్లు తీసేసినా ఏడు మిగలాలి.

"వేదా! ఇట్రా."

ఎనిమిదేళ్ళ వేదశ్రీ వచ్చింది. వచ్చింది అంటే నడిచి కాదు. మంచం మీంచి దూకి, గడప మీద ఒంటికాలితో ఆగి, తలుపు పట్టుకుని ఒక ఊగు ఊగి వచ్చింది. ఇవాళ్టి బిళ్ళ ఇంకా పడలేదు మరి.

"ఈ మూడు రోజుల్లో నువ్వు ఎన్ని బిళ్ళలు వేసుకున్నావు?"

"రోజుకొకటి. బుధవారం నువ్విచ్చావు, మొన్నా నిన్నా నాయనమ్మ ఇచ్చింది. అమ్మా, బల్లికి తోక తెగితే కొత్త తోక వస్తదంట. మరి తెగిన తోకకి కొత్త బల్లి వస్తదా?"

"రాదు. నిజం చెప్పు, ఇంకోటేమైనా తీసుకుని..."

"ఎందుకు రాదు?"

రచన నోరు మూసుకుంది. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు మొదలుపెడితే మధ్యాహ్నం అవుతుందని ఆమెకు అనుభవం.

పోతే పోయాయి, ఇంకో షీటు తెచ్చుకుందాం అనుకోవడానికి ఇవి జ్వరం బిళ్ళలు కావు. గుంటూరు కొత్తపేట డాక్టరమ్మ నెలకి సరిపడా మాత్రమే రాసిస్తుంది. ఆ చీటీ మీద మందుల షాపతను ముద్ర కొట్టేస్తాడు. మళ్ళీ కొత్త చీటీ లేనిదే కాళ్ళు పట్టుకున్నా ఇవ్వడు. చూడబోతే సోమవారం నుంచి ఐదు రోజులు వేదకి పరీక్షలు. పిల్ల కుర్చీలో కూర్చుని రాస్తే నాలుగో తరగతి, లేకపోతే టీసీ. ప్రిన్సిపాల్ గారు ఈ మాట నవ్వుతూనే చెప్పారు గానీ, చెప్పడం మాత్రం చెప్పారు.

ఆవిణ్ణి తప్పుపట్టడానికి కూడా లేదు. డిసెంబరులో వేద మిట్టమధ్యాహ్నం పన్నెండింటికే బడి గంట కొట్టేసింది. నాలుగు వందల మంది పిల్లలు గేటు దాటి, ఆటోలెక్కి, అయిపోయిందనుకుని ఇళ్ళకు వెళ్ళిపోయాక గానీ టీచర్లకు అనుమానం రాలేదు. ఎందుకు కొట్టావమ్మా అని అడిగితే, "తాడు ఊగుతోంది మేడమ్" అంది.

ఆ మర్నాడే కొత్తపేట వెళ్ళారు. నెల రోజుల పాటు ఆ పరీక్షలూ ఈ ప్రశ్నలూ అయ్యాక డాక్టరమ్మ ఈ మందు మొదలుపెట్టింది. ఏడు వారాలైంది. మొదటిసారి వేద ఒక లెక్క మొదలుపెట్టి అదే లెక్క ముగించిన రోజు, రచన వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సంతోషంతోనే. కానీ అదే రోజు మధ్యాహ్నం పిల్ల అన్నం కెలికి వదిలేసి, గొడవ చేయకుండా గోడకానుకుని కూర్చుంటే భయం కూడా వేసింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని మూడేళ్ళు మొక్కుకున్న మనిషి, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే తట్టుకోలేకపోయింది. డాక్టరమ్మకి చెబితే మోతాదు తగ్గించింది. ఇప్పుడు వేద అన్నం తింటోంది, ప్రశ్నలు కూడా వేస్తోంది. కాకపోతే ఒకదాని తర్వాత ఒకటి.

ఇంత కథలో ఒకటే తిరకాసు. ఈ మందు దేనికో ఇంట్లో పెద్దవాళ్ళకి తెలియదు. బుర్రకి మందంటే మామగారు ఇల్లు పీకి పందిరేస్తారని, అత్తగారు మిరప కల్లంలో కూర్చుని ఒక్క మాటంటే సాయంత్రానికి ఊరంతా 'మాస్టారి మనవరాలికి పిచ్చంట' అంటుందని భయపడి, 'బలం బిళ్ళ' అని చెప్పారు. పేరు పెట్టింది పిల్ల తండ్రి జయదేవ్. పేరు పెట్టి చేతులు దులుపుకోవడంలో అతన్ని మించినవాడు లేడు.

ఆ జయదేవ్ ఇప్పుడు వాకిట్లో బండి తాళం చేత్తో పట్టుకుని బండి తాళం కోసం వెతుకుతున్నాడు.

"ఏమండీ, నాలుగు బిళ్ళలు లేవు."

"ఎక్కడ?"

"ఉండాల్సిన చోట."

"ఎలకలేమో."

"షీటు చిరగకుండా, వెనకాల నుంచి ఒక్కో బిళ్ళా నొక్కి తీసుకునే ఎలకలా?"

"ఈ మధ్య ఎలకలు చాలా తెలివిమీరినయ్ రచనా," అని జయదేవ్ చెవి గోక్కున్నాడు.

పదేళ్ళ కాపురం. ఆ చెవి ఎప్పుడు దురదపెడుతుందో రచనకు బాగా తెలుసు. పుట్టగొడుగుల షెడ్డు మూసేసిన సంగతి చెప్పడానికి ముందు పెట్టింది. కౌజుపిట్టలు ఎగిరిపోయిన సంగతి చెప్పడానికి ముందూ పెట్టింది. నిలదీద్దామని నోరు తెరిచేలోపు పక్కింటి గోడ మీంచి నగ్మా కేక పెట్టింది.

"రచనక్కా! పెద్దమ్మ యాడుంది? మా అత్తకి ఏం పెట్టింది?"

నగ్మా, సర్దార్‌బీ కోడలు. సర్దార్‌బీ అంటే ఆ ఊళ్ళో పేపరు తెప్పించుకోనివాళ్ళకి పేపరు. రచన అత్తగారు వెంకాయమ్మ గారి కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తూ, పెదకాకాని నుంచి పిడుగురాళ్ళ దాకా ఎవరింట్లో ఏ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో చెప్పగలదు. చేతులు ఆగినా నోరు ఆగదు.

"ఏమైంది నగ్మా?"

"మాట్లాడలేదక్కా!"

"ఎవరు?"

"మా అత్త! గురువారం పొద్దున కల్లంలో కూర్చుంది, సాయంత్రం లేచింది. ఒక్క మాట లేదు. తలకాయ ఎత్తలేదు. నలుగురు తీసే కాయ ఒక్కతే తీసింది. అన్నం వద్దంది. ఇంటికొచ్చి వంటసామానంతా వాకిట్లో పోసి తోమింది. నిన్న కూడా అదే వరస. కల్లంలో ఆడోళ్ళు భయపడిపోయి గాలి సోకిందన్నారు. దర్గాకి తీసుకుపోదామని నేను ఏడుస్తుంటే, మా మామ మాత్రం తొందరేముంది, ఇంకో రెండ్రోజులు చూద్దాం అంటాడు."

సర్దార్‌బీ భర్త బుడాన్ నలభై ఏళ్ళకి మొదటిసారి రేడియో వార్తలు పూర్తిగా విన్నాడని తర్వాత తెలిసింది. అతని బాధ అతనిది.

"ఇవాళ పొద్దున మామూలుగానే లేచింది," అంది నగ్మా. "లేచి, వెంకాయమ్మక్క దగ్గరికి పోయి ఇంకో బలం బిళ్ళ తెచ్చుకుంటా అంది. ఆ బిళ్ళ ఏందక్కా?"

రచన చేతిలో షీటు మీది ఖాళీ గుంటలు మళ్ళీ లెక్కపెట్టింది.

వెంకాయమ్మ గారు అప్పుడే కల్లం నుంచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ వచ్చారు. ఆవిడ వెనకాలే సర్దార్‌బీ. నోరు తిరిగొచ్చింది గనక, రెండు రోజుల బాకీ కలిపి మాట్లాడుతూ వస్తోంది.

"అత్తయ్యా, వేద బిళ్ళలు ఎవరికైనా ఇచ్చారా?"

"ఇచ్చా," అన్నారు వెంకాయమ్మ గారు ఏమాత్రం తడుముకోకుండా. "దీనికి రెండు. మొన్నొకటి, నిన్నొకటి. నడుం పీకుతంది, నీరసం అంటే ఇచ్చా. ఏం?"

ఈ సంగతి బయటివాళ్ళకి అర్థం కావాలంటే వెంకాయమ్మ గారి బిస్కెట్ల డబ్బా గురించి తెలియాలి. ఇంట్లో ఎవరికి ఏ రోగం వచ్చి తగ్గినా, మిగిలిన బిళ్ళలు ఆ డబ్బాలో పడతాయి. కల్లంలో ఎవరికి మోకాలు పట్టినా, తల తిరిగినా, కడుపుబ్బినా ఆ డబ్బా తెరుచుకుంటుంది. ఒకరికి పనిచేసిన మందు నలుగురికి పంచకపోతే పాపమని ఆవిడ నమ్మకం. కూర పంచుతారు, మజ్జిగ పంచుతారు, మందు మాత్రం దాచుకుంటారా?

"అది పిల్ల మందు అత్తయ్యా!"

"పిల్ల మందయితే మాత్రం? బలం బిళ్ళేగా! నా మనవరాలికి అంత బాగా పట్టింది. మూడు నెలల కిందట దిష్టి తీసి ఎండుమిరపకాయలు పొయ్యిలో వేస్తే ఒక్క తుమ్ము రాలేదు. అంత దిష్టి ఉన్న పిల్ల, ఈ బిళ్ళతో బంగారంలాగా కూర్చుంటంది. బలం ఎవరికైనా బలమేగా!"

"అవి తాలుకాయలక్కా," అంది సర్దార్‌బీ. "నేనే ఏరి పక్కన పెట్టినయ్. తెల్లగా పాలిపోయినయ్. వాటికి తుమ్మేం వస్తది?"

"నువ్వు ఊరుకో."

"మిగతా రెండూ?" అంది రచన.

"ఒకటి నేనే వేసుకున్నా. గురువారం. దేవుడి గూట్లో విగ్రహాలన్నీ తోమా. అటక దించి దులిపా. పాత ట్రంకుపెట్టె సర్దితే మీ మామగారి పెళ్ళినాటి బూట్లు కూడా దొరికినయ్. గుండె కొంచెం దడదడలాడిందిలే. బలం పడతందనుకున్నా."

రచన అరుగు మీద కూలబడింది. అబద్ధానికి ఒక గుణముంది. చెప్పినవాళ్ళకంటే విన్నవాళ్ళే దాన్ని ఎక్కువ వాడుకుంటారు. అత్తగారికి బీపీ ఉంది. సర్దార్‌బీకి ఏముందో ఎవరూ చూడలేదు. ఇద్దరికీ ఏమన్నా అయి ఉంటే?

"అత్తయ్యా, నన్ను క్షమించండి. అది బలం బిళ్ళ కాదు."

"మరి?"

"వేద కుదురుగా ఉండటానికి. మెదడుకి సంబంధించిన మందు. ఒక పని మీద మనసు నిలవడానికి డాక్టరమ్మ ఇచ్చింది."

వాకిట్లో ఎవరూ మాట్లాడలేదు. సర్దార్‌బీ కూడా. ఈసారి బిళ్ళ లేకుండానే.

అరుగు మీద పడక్కుర్చీలో పేపరు కిందికి దిగింది. పేపరు వెనకాల త్యాగరాజు మాస్టారు. ముప్పైరెండేళ్ళు ఆ ఊరి బళ్ళో పనిచేసి, హెడ్మాస్టరుగా రిటైరైనవారు. ఆయన దగ్గేటప్పుడు ఇప్పటికీ నడివయసు రైతులు బీడీ పారేస్తారు.

"పిల్లకి బుర్ర మందు పెడుతున్నారా?"

"మామయ్యగారూ..."

"నా ఇంట్లో, నా ఎదుట, నా మనవరాలికి, పిచ్చి మందు. బలం బిళ్ళని పేరు పెట్టి."

"పిచ్చి కాదండీ. ఆ పిల్ల కావాలని అల్లరి చేయట్లేదు. మనసు నిలవదు, దానికి చేతకాదు. ఇది చాలామంది పిల్లలకి ఉంటుంది, పేరు కూడా ఉంది..."

"పేర్లదేముందమ్మా, డాక్టర్లకి పేర్లు పెట్టడమే పని. ముప్పైరెండేళ్ళలో ఇట్లాంటివాళ్ళని వందమందిని చూశాను. ఒక్క చింతబరికె చాలు. మా రోజుల్లో ఈ జబ్బే లేదు!"

"ఉంది మామయ్యగారూ," అంది రచన. పదేళ్ళలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "అప్పుడు దాని పేరు 'వెధవ'."

జయదేవ్ చేతిలో తాళం కిందపడింది.

మాస్టారు లేచారు. నెమ్మదిగా వచ్చి కోడలి చేతిలోంచి బిళ్ళల షీటు తీసుకున్నారు. లాగలేదు. తీసుకున్నారంతే. ఆయన క్లాసులో పిల్లల దగ్గర గోళీలు తీసుకునేటప్పుడు కూడా అలాగే తీసుకునేవారు. చొక్కా జేబులో పెట్టుకుని, బొత్తాం పెట్టుకున్నారు.

"ఇవాళ్టితో ఈ బిళ్ళ బంద్. పిల్లని సోమవారం నేను తీసుకెళ్తాను పరీక్షకి. ఎట్లా కూర్చోదో చూస్తాను."

"మామయ్యగారూ, మూడే ఉన్నాయి. అవి లేకపోతే దాన్ని బళ్ళోంచి పంపించేస్తారు. ఏడు వారాల కష్టమండీ!"

"వేరే బడి చూద్దాం."

"ఇది మూడో బడి!"

ఆయన తిరిగి వెళ్ళి పడక్కుర్చీలో కూర్చున్నారు. ఇంతకీ ఈ గొడవకి కారణమైన మనిషి అరుగు స్తంభం పట్టుకుని చుట్టూ తిరుగుతూ, తల్లి వైపు ఒకసారి, తాత వైపు ఒకసారి చూస్తోంది. ఎన్ని చుట్లు తిరిగిందో ఎవరూ చూడలేదు.

రచన కళ్ళు తుడుచుకుని ఫోను తీసింది. పిల్ల సంగతి తర్వాత, ముందు ఈ ముసలివాళ్ళిద్దరి గుండెలు చూడాలి. డాక్టరమ్మ నంబరు నొక్కి స్పీకర్లో పెట్టింది. సంగతంతా విన్నాక అటువైపు మాటలకు కరువు లేదు.

"ఒకళ్ళ మందు ఇంకొకళ్ళు మింగడమేంటండీ? గోంగూర పచ్చడా, ఇంటింటికీ పంచడానికి? బీపీ ఉన్నావిడ మింగితే ఏమయ్యేదో తెలుసా? ఇప్పుడెలా ఉంది?"

"నాకేం కాలేదు డాక్టరమ్మా," అన్నారు వెంకాయమ్మ గారు. గొంతులో అంత బలం లేదు.

"నాకూ ఏం కాలేదమ్మా," అంది సర్దార్‌బీ. "కాకపోతే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. దాని బాధే ఎక్కువుంది."

"ఇద్దరూ ఇవాళే ఆసుపత్రికి వెళ్ళి బీపీ చూపించుకోండి. ఇంటి వైద్యాలు కాదు, ఆసుపత్రికి. రచన గారూ, మందు గురించి ఇంట్లో అబద్ధం చెప్పింది మీరు. సగం తప్పు మీది."

"అవునండీ," అంది రచన. మిగతా సగం వాళ్ళాయనదని చెప్పాలనుకుంది గానీ చెప్పలేదు.

"ఇప్పుడెన్ని ఉన్నాయి? మూడా? ఇవాళా రేపూ వద్దు. సోమ, మంగళ, బుధవారాలకి వాడండి. బుధవారం సాయంత్రం వచ్చి కొత్త చీటీ తీసుకోండి. ఈసారి తాళం వేసి పెట్టుకోండి. సరే, ఈవిడ రెండు, ఆవిడ ఒకటి. నాలుగోది ఎవరు మింగారు?"

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నేనండీ," అన్నాడు జయదేవ్.

రచనకి ఎలకలు గుర్తొచ్చాయి. ఈ మనిషిని ఏం చేసినా పాపం లేదనిపించింది.

"మీరెందుకు మింగారు?"

"బుధవారం రచన ఊరెళ్ళాక... పిల్లకి రోజూ ఇస్తున్నాం గదా, అదేం చేస్తదో తెలుసుకుందామని."

"ఏం చేసింది?"

"గేటుకి రంగేశానండీ." అని ఆగి, "మొత్తం," అన్నాడు.

"మొత్తం వేయడం విశేషమా?"

"విశేషమేనమ్మా," అన్నారు వెంకాయమ్మ గారు. "రెండేళ్ళ నుంచి సగం నీలం, సగం తుప్పు. మా వాడు పూర్తిచేశాడని నేను కొబ్బరికాయ కొట్టా."

సర్దార్‌బీ నవ్వింది. నగ్మా నవ్వింది. జయదేవ్ కూడా నవ్వబోయాడు గానీ రాలేదు.

"నా బుర్ర ఎప్పుడూ సీజన్లో మిర్చియార్డు లాగా ఉంటదండీ. అందరూ ఒకేసారి అరుస్తుంటారు. ఆ పూట యార్డుకి సెలవిచ్చినట్టుంది. బ్రష్షు పట్టుకుంటే బ్రష్షే పట్టుకున్నా. అయిపోయాక గేటు దగ్గర కూర్చుని ఏడ్చానండీ. ముప్పయ్యారేళ్ళు నన్ను నేను సోమరిపోతుననుకున్నా. ఇంట్లోవాళ్ళూ అదే అనుకున్నారు. పుట్టగొడుగులు, పిట్టలు, సోలార్లు... ఏదీ కావాలని వదిలెయ్యలేదు డాక్టర్ గారూ. చేతిలోంచి జారిపోయినయ్."

రచన భర్త వైపు చూసింది. ఈ మనిషితో పదేళ్ళు పోట్లాడింది. ఈ సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. ఆమెకు సిగ్గేసింది.

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "చూడండి జయదేవ్ గారూ, ఒక్క బిళ్ళతో ఏదీ తేలదు. ఎవరు మింగినా ఒక పూట అలా అనిపించొచ్చు. అందుకే ఇది సొంతంగా మింగే మందు కాదు. కానీ పిల్లకి ఉన్నప్పుడు తండ్రికి ఉండటం మేం చూస్తుంటాం. మీకు ఉందో లేదో చెప్పాలంటే చిన్నప్పటి సంగతులు కావాలి. బళ్ళో ఎలా ఉండేవారో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పాత టీచర్లెవరైనా?"

జయదేవ్ ఈసారి చెవి గోక్కోలేదు. బండెక్కి వెళ్ళిపోవడానికి తాళం వెతుక్కోలేదు.

"మా క్లాసు మాస్టారు ఇక్కడే ఉన్నారండీ," అన్నాడు.

అందరూ పడక్కుర్చీ వైపు తిరిగారు.

త్యాగరాజు మాస్టారు ఫోను అందుకున్నారు. అలవాటు చొప్పున గొంతు సవరించుకున్నారు. "నమస్కారమమ్మా. నాలుగూ, ఐదూ తరగతులు వాడికి నేనే చెప్పాను. అడగండి."

"మొదలుపెట్టిన పని పూర్తిచేసేవారా?"

"లేదు. సగం లెక్క చేసి పిచ్చుకల్ని చూసేవాడు."

"వస్తువులు పోగొట్టుకునేవారా?"

"ఒక్క ఏడాదిలో పదకొండు పలకలు."

"క్లాసులో ఒకచోట కూర్చునేవారా?"

"కూర్చునేవాడు కాదు. నేను కూర్చోబెట్టేవాణ్ణి," అన్నారు మాస్టారు. ఆ మాటలో కొంచెం గర్వముంది. దాచుకోవాలని ఆయనకు తోచలేదు.

"ఎలా?"

ఇది ఆయన సన్మాన సభల్లో చెప్పే కథ. చెప్పిన ప్రతిసారీ జనం నవ్వేవారు. సొంత కొడుకని చూడలేదు, అదీ మాస్టారంటే, అని చప్పట్లు కొట్టేవారు. ఇప్పుడూ అదే గొంతుతో మొదలుపెట్టారు.

"కిటికీ ఊచకి కట్టేసేవాణ్ణమ్మా. నా భుజం మీది కండువాతోనే!"

చెప్పి, అలవాటు ప్రకారం ఆగారు. ఎవరూ నవ్వలేదు.

"ఎన్నాళ్ళు?" అంది డాక్టరమ్మ.

"ఆ... ఐదో తరగతి అంతా."

"రోజూనా?"

"రోజూ."

"అప్పుడు కుదురొచ్చిందా?"

మాస్టారు కొడుకు వైపు చూశారు. జయదేవ్ తలవంచుకుని నేలకేసి చూస్తున్నాడు. ముప్పయ్యారేళ్ళ మనిషి, ఐదో తరగతిలో నిలబడినట్టే నిలబడి ఉన్నాడు.

"కట్టినంతసేపూ ఉన్నాడు," అన్నారు మాస్టారు.

ఆయన గొంతులో గర్వం పోయింది. వెంకాయమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆవిడకీ సంగతి తెలుసు. ఆ ఏడాదంతా సాయంత్రాలు పిల్లవాడి మణికట్టుకి కొబ్బరినూనె రాసింది ఆవిడే. రాసిందే గానీ, ఎందుకండీ అని ఒక్కనాడూ అడగలేదు.

స్తంభం చుట్టూ తిరుగుతున్న వేద ఆగింది.

"తాతయ్యా, నాన్నని కట్టేశావా?"

"చిన్నప్పుడమ్మా."

"అల్లరి చేశాడా?"

"కూర్చునేవాడు కాదు తల్లీ."

"నాకు మల్లే?"

మాస్టారు మళ్ళీ కొడుకు వైపు చూశారు.

"ఏ చేతికి కట్టావు?"

"ఎడమ చేతికి."

"అదే ఎందుకు?"

"కుడిచేత్తో రాసుకోవాలి గదమ్మా," అన్నారాయన.

వేద తల పక్కకి వంచి కొంచెంసేపు ఆలోచించింది. తర్వాత వచ్చి, పడక్కుర్చీ ముందు నిలబడి, కుడిచెయ్యి చాచింది.

"నాకు ఇది కట్టు తాతయ్యా. నేను ఎడమచేత్తో రాస్తా. సోమవారం పరీక్ష పదింటికి. బిళ్ళ వద్దన్నావు గదా, నువ్వు కండువా తీసుకుని తొందరగా రా. లేకపోతే నన్ను పంపించేస్తారంట. మరీ గట్టిగా మాత్రం కట్టకు."

అలకతో అన్న మాట కాదది. బెదిరింపూ కాదు. ఇంట్లో ఇంత గొడవ జరుగుతుంటే, దానికి తనకు దొరికిన దారి చెప్పిందంతే.

రచన లేవబోయింది. జయదేవ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

పిల్ల చెయ్యి చాచి అలాగే నిలబడింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి మొదటిసారి, ఎక్కడా కదలకుండా.

త్యాగరాజు మాస్టారి చెయ్యి జేబు దాకా వెళ్ళింది. బొత్తాం మీద ఆగింది. నెమ్మదిగా బొత్తాం తీశారు.

"హలో? మాస్టారూ, ఉన్నారా?" అంది ఫోనులో డాక్టరమ్మ.